పాలవాయి నేలను మళ్లీ తవ్వండి: పురావస్తు అధికారులకు, ఆచార్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురావస్తు శాఖల అధికారులకు, విశ్వవిద్యాలయాల చరిత్ర, పురావస్తు విభాగాల ఆచార్యులకు,

నమస్కారాలు.

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయిలోనూ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులోనూ (ఇది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు కాదు) నాలుగు వేల ఏళ్ల కిందట మనుషులు పశువుల్ని సాకుతూ కాపురముండిన ఆనవాళ్లు ఉన్నాయని మీకు మేము చెప్పనవసరం లేదు. ఆ సంగతి లోకానికి తెలిపినవారు మీ ముందుతరం పెద్దలే. పాలవాయిలో మళ్లీ తవ్వకం జరపాలనీ, ఈసారి ఆనాటి సేద్యం జాడ కోసం తవ్వాలనీ కోరుతూ ఈ ప్రాంతపు రైతులం, ఉపాధ్యాయులం కొందరం కలిసి సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చుకున్నాం. రసీదు ముట్టింది గానీ జవాబు రాలేదు. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరానికీ అదే గతి పట్టింది. అందువల్ల మా విన్నపాన్ని పదిమందీ చదివేలా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా జరిగిన మంచి పని చెప్పాలి. బళ్లారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు సీమల్లో కనిపించే బూడిద దిబ్బల గురించి 1840ల నాటికే బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ రాశాడు. అవి రాక్షసుల చితాభస్మమని ఊరివాళ్లు చెప్పుకునేవారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితి అని నేటికీ చూపిస్తారు. అది కాలిన పేడేనని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ భావించగా, 1960లో శాస్త్రవేత్త జోయ్‌నర్ ప్రయోగశాలలో పరీక్షించి నిర్ధారించాడు. ఈలోగా 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వి, మొద్దులు పాతి దడి కట్టిన పశువుల దొడ్డి అక్కడ ఉండేదనీ, అందులో పోగుపడిన పేడ పదేపదే తగలబడిందనీ తేల్చాడు. ఆ తవ్వకంలో బయటపడిన ఆవుల గిట్టల ముద్రలను మించిన సాక్ష్యం ఉండదు. తడి నేలలో దిగబడిన ఆ గిట్టల గుంతలు ఎండి, బూడిద కింద కప్పబడిపోయి, నలభై శతాబ్దాల తరువాత మళ్లీ వెలుగు చూశాయి. సంక్రాంతికి మంటల మీదుగా పశువులను దాటించే ఆచారం కన్నడ సీమలో ఇంకా ఉంది. అలాంటి పండుగ మంటలకూ ఆ బూడిదకూ ఏదో సంబంధం ఉండవచ్చునని ఆల్చిన్ ఊహించాడు. ఆ ఊహ మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేకపోయినా, ప్రశ్న మాత్రం విలువైనది.

పాలవాయిని 1960లలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య వి. రామిరెడ్డి గారు తవ్వి, 1976లో పుస్తకం వెలువరించారు. మన విశ్వవిద్యాలయమే మన పల్లెలో తవ్వి, ఫలితాలను ప్రచురించిన పని అది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేశమైనా లేదు. అయితే ఆనాటి పురావస్తు శాస్త్రం అడగగలిగిన ప్రశ్నలు వేరు. కుండ పెంకుల రకాలు, రాతి గొడ్డళ్ల ఆకారాలు, పొరల వరుస, ఎముకలు, ఇవి అప్పట్లో ప్రధానం. మట్టిలో కలిసిపోయిన కాలిన గింజను వెదికి పట్టుకునే పద్ధతి అప్పటికి మన దేశంలో వాడుకలోకి రాలేదు.

ఆ పద్ధతికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక్కొక్క పొర నుంచి తీసిన మట్టిని విడివిడిగా నీళ్లలో కలిపి మెల్లగా తిప్పితే, వడ్లు నీళ్లలో పోసినప్పుడు తాలు పైకి వచ్చినట్టు, బొగ్గుగా మారిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడ గుడ్డలో వడకట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఎన్నో ఏళ్ల కిందట పొయ్యి పక్కన చింది, మాడిపోయి, ఊడ్చినప్పుడు బయట పడిన గింజ అక్కడ కనిపిస్తుంది. అది ఏ పంటదో, అడవిదో, చేనుదో దాని ఆకారాన్ని, పైపొట్టును బట్టి చెప్పగలుగుతారు.

దీనివల్ల ఏమి తెలుస్తుందో చూడాలంటే సరిహద్దు దాటితే చాలు. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లులో సుబ్బారావు గారు 1948లో తవ్వారు. అన్సారీ, నాగరాజారావు గార్లు 1964-65లో మళ్లీ తవ్వారు. ఇక చాలని ఎవరూ అనుకోలేదు. 1997 తరువాత రవి కోరిశెట్టర్, డోరియన్ ఫుల్లర్, నికోల్ బోయివిన్ తదితరులు అదే కొండల మీద, అదే బూడిద దిబ్బ దగ్గర కొత్త పద్ధతులతో పని చేశారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు (ఒక చిరుధాన్యం) ఈ నేల మనుషులు ప్రధానంగా పండించుకున్న పంటలని, గోధుమ, యవలు బయటి నుంచి వచ్చి చేరాయని, ఆఫ్రికా నుంచి వచ్చిన అనుములు కూడా కాలక్రమాన ఇక్కడి చేలలోకి దిగాయని ఆ పని వల్ల తెలిసింది. మనం పితికిపప్పు చేసుకునే అనపకాయకు అంత దూరపు ప్రయాణం ఉందని పాత తవ్వకాల పుస్తకాల్లో దొరకదు. బూడిద దిబ్బ ఏర్పడిన కాలాన్ని, కొండ మీద ఊరు నిలిచిన కాలాన్ని విడదీసి చూడగలిగింది కూడా ఈ మలి విడత పనిలోనే.

ఆ పరిశోధకులే మన రాష్ట్రంలోని వేల్పుమడుగు, రూపనగుడి, ఇంజేడు, సింగనపల్లి, పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల నుంచి కూడా మట్టి నమూనాలు తీసుకొని గింజలు గుర్తించారు. కొద్దిపాటి నమూనాలకే అన్ని సంగతులు బయటపడితే, పద్ధతి ప్రకారం తవ్వితే ఇంకెన్ని తెలుస్తాయో మీరే ఆలోచించగలరు.

మళ్లీ తవ్వడం వల్ల పాత తప్పులు కూడా సరిదిద్దబడతాయి. కర్ణాటకలోని హళ్లూరులో దొరికిన గింజలను మొదట రాగులుగా గుర్తించారు. దక్షిణాదిలో నవీన శిలాయుగపు (నున్నని రాతి పనిముట్లతో సేద్యం, పశుపోషణ సాగిన కాలపు) రైతులు రాగులు పండించారని అప్పటి నుంచి పుస్తకాల్లోకి ఎక్కింది. తరువాత నిశితంగా పరిశీలించిన నిపుణులు ఆ కాలానికి చెందినవిగా చెప్పిన రాగుల గుర్తింపుల మీద గట్టి సందేహాలు లేవనెత్తారు. మా పిల్లలకు మేము చెప్పే పాఠం సరైనదో కాదో తేల్చవలసింది కొత్త తవ్వకాలే. కాలనిర్ణయం సంగతీ అంతే. ఆనాటి రేడియోకార్బన్ తేదీలకు వంద, నూటయాభై ఏళ్ల అటూ ఇటూ తేడా ఉండేది, అదీ పిడికెడు బొగ్గు ఉంటేనే. ఇప్పుడు ఒక్క ఉలవగింజ చాలు, తేడా కొన్ని దశాబ్దాలకు తగ్గింది.

ఈ పని జరగకపోతే నష్టపోయేది ఎవరో ఇక చెబుతాం. ఇది పండితుల వ్యవహారమని, సామాన్యులకు దీనితో పని లేదని అనుకునేవారు ఉన్నారు గనుక ఈ భాగాన్ని కాస్త వివరంగా రాయవలసి వస్తోంది.

1. మొదటి నష్టం మెట్ట రైతుది. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతం. అదైనా అదనుకు పడదు. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకొని ఎన్ని కుటుంబాలు అప్పుల పాలయ్యాయో మీకు తెలుసు. జూన్, జూలై ఎండగట్టి వేరుశనగకు అదను దాటిన ఏడాది ప్రత్యామ్నాయ పంట పేరుతో ప్రభుత్వం రైతు చేతిలో పెట్టే విత్తనం ఉలవలు. ఆ ఉలవనే నాలుగు వేల ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల మనుషులు అడవి నుంచి చేనుకు తెచ్చుకున్నారు. అడవి ఉలవ పైపొట్టు మందం. నీరు లోపలికి తేలికగా దిగదు, గింజలన్నీ ఒక్కసారి మొలవవు. రైతు ఏటా విత్తి, కోసి, మళ్లీ విత్తిన కొద్దీ పొట్టు పలుచబడింది. దక్షిణ భారతపు తవ్వకాల్లో దొరికిన గింజలను ఎక్స్‌రే కిరణాలతో లోపలి దాకా చూసి, క్రీ.పూ. 2000కూ 1200కూ మధ్య ఈ మార్పు జరిగిందని 2017లో ప్రచురించారు. ఏ పంటను దేనితో కలిపి వేశారు, వానలు తగ్గిన కాలంలో దేన్ని వదిలి దేన్ని పట్టుకున్నారు, పశువుల మేతకూ మనిషి తిండికీ మధ్య లెక్క ఎలా కుదుర్చుకున్నారు అన్నవి మెట్ట సేద్యం చేసే ప్రతి ఒక్కరికీ అవసరమైన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పగలిగిన మట్టి మా పొలాల గట్ల దగ్గరే ఉంది.

2. రెండోది, ఆ మట్టి నిలవదు. బూడిద దిబ్బల మట్టి పైరుకు బలమని ఎరువుగా తోలుకోవడం పాత అలవాటే. పరిశోధకులు దాన్ని ఎప్పటి నుంచో రాస్తున్నారు. గంపలతో, ఎడ్లబండ్లతో తోలిన రోజుల్లో తరానికి కొంత తరిగేది. జేసీబీ, ట్రాక్టరు వచ్చాక ఒక్క రోజు చాలు. ఇందులో రైతును నిందించే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే అది ఏమిటో ఆయనకు చెప్పినవాళ్లు లేరు. పొలంలో నున్నని రాతి గొడ్డలి దొరికితే పిడుగురాయి అని చెట్టు కింద దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకునే జనం మావాళ్లు. విలువైనదని తెలిస్తే కాపాడుకోవడం వాళ్లకు చేతకాక కాదు. రైతు కంటే పెద్ద ముప్పు క్వారీలది. సంగనకల్లు పక్కన హిరేగుడ్డలో, కప్‌గల్లులో రాతి గొడ్డళ్లు తయారు చేసిన కార్ఖానాల్లాంటి చోట్లను, తడితే గంటలా మోగే బండలను, వాటి మీది బొమ్మలను క్వారీ పేలుళ్లు ఎంత ప్రమాదంలోకి నెట్టాయో అక్కడ పని చేసిన శాస్త్రవేత్తలు రాసి పెట్టారు. గ్రానైటు ఉన్న మా కొండలకూ ఆ గతి పట్టదన్న హామీ ఎక్కడా లేదు.

3. మూడోది, పోయిన చోటు తిరిగి రాదు. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు నీళ్లు రాకముందే తవ్వారు కాబట్టి, అక్కడి నవీన శిలాయుగపు గుంతలు సహా కొంతైనా చేతికి దక్కింది. శ్రీశైలం జలాశయం కింద మునిగిన పల్లెల్లో కొన్ని గుళ్లను విప్పి ఒడ్డుకు చేర్చగలిగారు. ఆ ఊళ్ల మట్టి పొరలను ఎవరూ ఒడ్డుకు చేర్చలేరు. పాలవాయికి ఆనకట్ట ముంపు లేదు. అందువల్లనే తొందర లేదనిపిస్తోందేమో. కొద్దికొద్దిగా జరిగే నష్టం ఏ కార్యాలయపు ఫైలులోనూ నమోదు కాదు.

4. నాలుగోది, బడి పిల్లలది. మా జిల్లా బడుల్లో చదివే పిల్లలకు హరప్పా తెలుసు, మొహెంజొదారో తెలుసు. తమ ఊరికి బస్సు దూరంలో అదే కాలంలో ఒక వ్యవసాయ జీవితం నడిచిందని తెలియదు. ఆచార్య రామిరెడ్డి గారి పుస్తకం ఇంగ్లీషులో ఉంది, అది దొరకడమే కష్టం. తెలుగులో పిల్లవాడికి అందేలా ఒక చిన్న పుస్తకం కూడా మా కంటబడలేదు.

ఈ అర్జీ మీద సంతకం చేయడానికి కొందరు రైతులు వెనకాడిన కారణం కూడా మీకు తెలియాలి. పురావస్తు శాఖ వస్తే పొలం పోతుందన్న భయం పల్లెల్లో బలంగా ఉంది. ఒక మూల దిబ్బ ఉన్నందుకు సర్వే నంబరు మొత్తాన్ని రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల 22ఏ జాబితాలోకి ఎక్కిస్తే, ఆ రైతు కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోలేడు, బ్యాంకులో అప్పు పుట్టదు. ఈ భయం తీరకుండా మీరు ఏ బోర్డు పాతినా అది నిలబడదు. తవ్వకం వల్ల భూమి యజమానికి కలిగే నష్టానికి పరిహారం ఇవ్వాలని 1958 నాటి ప్రాచీన కట్టడాల, పురావస్తు స్థలాల చట్టంలోనే ఉంది. ఆ సంగతి రైతు ఇంటికి వెళ్లి, తెలుగు కాగితం మీద రాసి చెప్పిన అధికారి మాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

మా కోరికలు ఇవి. పాలవాయిలో రానున్న తవ్వకాల కాలంలోనే పరిమితమైన తవ్వకానికి ప్రతిపాదన పంపి, అనుమతి తెప్పించాలి. చోటంతా తవ్వమని మేము కోరడం లేదు. దిబ్బ పక్కన జనం కాపురమున్న భాగంలో కొన్ని చిన్న గుంతలు, ప్రతి పొర నుంచి మట్టి నమూనా, ప్రతి నమూనాకు నీటిలో గింజలు తేల్చే పరీక్ష, గింజ మీదే నేరుగా కాలనిర్ణయం జరిగితే చాలు. మిగిలిన నేలను మనకంటే మంచి పద్ధతులు తెలిసిన రేపటివారి కోసం అలాగే ఉంచాలి. ఈ పనిలో శ్రీ వేంకటేశ్వర, శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు చోటు ఇవ్వాలి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో 1989 నుంచి ఏళ్ల తరబడి పద్దయ్య గారి నాయకత్వంలో బూడిద దిబ్బతో పాటు జనం కాపురమున్న చోటును, పశువుల దొడ్డిని, మాంసం కోసిన చోటును విడివిడిగా గుర్తించిన పుణె డెక్కన్ కళాశాల అనుభవాన్ని అడిగి తెచ్చుకోవాలి. రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను మొదటి రోజు నుంచే కలుపుకోవాలి. ఉలవల గురించి, కొర్రల గురించి వాళ్లకు ఉన్న తెలివిడి పురావస్తు నిపుణులకు అక్కరకు వస్తుంది, గింజల చరిత్ర వాళ్లకూ అక్కరకు వస్తుంది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అండుకొర్రను ఆనాడే తిండిగింజగా పండించుకున్న చోట్లలో ఒకటి ఈ సీమే.

రెండోది, అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఇప్పటికే పరిశోధకుల పుస్తకాల్లో నమోదైన నవీన శిలాయుగపు చోట్లన్నిటినీ ఒకసారి తిరిగి చూసి, ఏది ఎంత మిగిలిందో సర్వే నంబర్లతో సహా జాబితా ప్రకటించాలి. కాపాడవలసిన గుంటలను, సెంట్లను కొలిచి హద్దురాళ్లు వేయాలి, మిగిలిన పొలం జోలికి పోకూడదు. ఆ జాబితా గనుల శాఖ చేతిలో కూడా ఉండాలి. జాబితాలోని చోటు దగ్గర క్వారీ లీజు ఇచ్చే ముందు పురావస్తు అధికారి స్వయంగా వెళ్లి చూసి, రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి.

తవ్వకంలో కూలి పని పాలవాయి, చుట్టుపక్కల ఊళ్లవారికే ఇవ్వాలి. వేసవిలో బెంగళూరుకు వలస పోయే కుటుంబాల్లో కొన్నింటికైనా ఆ నాలుగు నెలలు ఊళ్లో పని దొరుకుతుంది. పొలం ఇచ్చిన రైతుకు పంట నష్టం లెక్కగట్టి తవ్వకం మొదలుకాక ముందే చెల్లించాలి. పని అయ్యాక పైమట్టి పైన, అడుగుమట్టి అడుగున వచ్చేలా గుంత పూడ్చి, సేద్యానికి పనికివచ్చేలా నేలను అప్పగించాలి.

దొరికిన వస్తువులు అనంతపురం జిల్లా మ్యూజియంలోనే ఉండాలి. 1960ల తవ్వకాల నాటి వస్తువులు, నోటు పుస్తకాలు, ఫొటోలు ఎక్కడ ఉంటే అక్కడ లెక్క చూసి, డిజిటల్ ప్రతులు తీసి, విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. అప్పటి కుండ పెంకులకు అంటిన మసిని, అప్పటి ఎముకలను కూడా ఇప్పుడు కొత్తగా పరీక్షించవచ్చు. దీనికి గడ్డపార పట్టనక్కరలేదు, అనుమతి కోసం ఢిల్లీ దాకా పోనక్కరలేదు. ఈ ఒక్క పని మాత్రం రేపే మొదలుపెట్టవచ్చునని మా నమ్మకం.

తవ్వకం నివేదిక గడువు లోపల రావాలి. మన దేశంలో తవ్వినవి ఎన్నో, పూర్తి నివేదిక వచ్చినవి ఎన్నో మాకంటే మీకే బాగా తెలుసు. రాయని తవ్వకం వల్ల చోటు పోతుంది, జ్ఞానమూ దక్కదు. అలాంటిదయితే తవ్వకపోవడమే మేలు. పూర్తి నివేదికతో పాటు వంద పేజీలకు మించని తెలుగు పుస్తకం ఒకటి జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాలకు పంపాలి.

తెలంగాణ అధికారులకు కూడా ఇదే మనవి. ఉట్నూరు దిబ్బ దగ్గర ఆల్చిన్ అడిగిన ప్రశ్న పశువులది. ఆ పశువుల కాపరులు ఏమి తిన్నారు, ఎక్కడ విత్తారు, దొడ్డికి ఎంత దూరంలో కాపురమున్నారు అన్నది తేలాలంటే ఆ చుట్టుపక్కల నేలను మళ్లీ చూడవలసిందే. ఆనాటి మనుషులకు కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అన్న సరిహద్దులు లేవు. మూడు రాష్ట్రాల శాఖలు కలిసి ఒక్క పథకం వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, ప్రయోగశాల పంచుకోవచ్చు.

నిధులు లేవన్న జవాబు వస్తుందని మేము ఊహిస్తున్నాం. అదే నిజమైతే ఎంత కావాలో, ఎంత తక్కువ పడుతుందో అంకెలతో చెప్పండి. శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను కలిసి అడిగే పని మేము చేస్తాం. విడిది కోసం బడి గదులు, నీళ్లు, తోడుకు మనుషులు ఊళ్లే ఏర్పాటు చేస్తాయి.

ఈ లేఖ ప్రతులను జిల్లా కలెక్టరు గారికి, ప్రాంత శాసనసభ్యులకు, పైన చెప్పిన విశ్వవిద్యాలయాల విభాగాధిపతులకు పంపుతున్నాం. పాలవాయిలో మళ్లీ తవ్వకానికి ప్రతిపాదన పంపుతారా లేదా, పంపితే ఎప్పటిలోగా, పంపకపోతే కారణం ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

భవదీయులు,
కల్యాణదుర్గం ప్రాంత రైతుల, ఉపాధ్యాయుల తరఫున
పదవీ విరమణ చేసిన ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు